పసిపిల్లలకు మరణమును గూర్చి ఎట్లు చెప్పాలి?

పాఠ్యభాగములు: యోహాను 11:1–44, రూతు 1వ అధ్యాయము, అపొస్తలుల కార్యములు 9:36–42



మన సంఘములలో ఒకరు ప్రభువునందు నిద్రించినప్పుడు ఆదరణ కూడికలు పెడతాము, ఆ ఇంటికి భోజనము పంపుతాము, విధవరాలి ప్రక్కన కూర్చుంటాము. ఇది మంచిదే. అయితే ఆ ఇంటిలోని అయిదారేండ్ల బిడ్డను మాత్రము ప్రక్క ఇంటికి పంపివేస్తాము. "పసివాడు, వాడికేమి తెలుసు?" అంటాము. తలుపు సందులోనుండి వాడు అంతా చూస్తూనే ఉంటాడు. చూచినదానికి అర్థము చెప్పేవారే ఉండరు. ఆ బిడ్డను తలంచి ఈ పాఠము వ్రాస్తున్నాము.

1. మన ప్రాంతములో చెప్పే అబద్ధము

గోల్డ్ ఫీల్డ్స్‌లో మరణము మనకు క్రొత్త కాదు. 1880లో జాన్ టేలర్ కంపెనీ గనులు చేపట్టినప్పటినుండి మన పెద్దలు చిత్తూరు, ఉత్తర ఆర్కాడు ప్రాంతములనుండి పొట్ట చేతబట్టుకొని వచ్చారు. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. లోపల బండలు పగిలి కొందరు, రాతి దుమ్ము ఊపిరితిత్తులలో చేరి మరికొందరు పోయారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. అప్పటినుండి మన కుమారులు, కుమార్తెలు అనేకులు మారికుప్పంలో తెల్లవారుజామున రైలెక్కి, బంగారుపేట మీదుగా బెంగళూరు పనికి పోయి రాత్రికి వస్తున్నారు.

ఇటువంటి ఇంటిలో తండ్రి చనిపోతే బిడ్డతో ఏమంటాము? "నాన్న బెంగళూరు వెళ్లాడు" అంటాము. రోజూ వెళ్లి రోజూ వచ్చిన నాన్న గదా! కనుక ఆ బిడ్డ ఆ రాత్రి రైలు కోసం కాచుకుంటాడు, మరునాటి రాత్రీ కాచుకుంటాడు. కొన్నాళ్లకు ఎవరో తోటి పిల్లవాడు బడిలో నిజము చెప్పేస్తాడు. అప్పుడు బిడ్డ తండ్రితోపాటు మన మాట మీది నమ్మకమును కూడా పోగొట్టుకుంటాడు.

2. ప్రభువు చెప్పిన విధము

యోహాను 11:11–14 వచనములు జాగ్రత్తగా చదువుదాము. లాజరు మరణమును ప్రభువు మొదట నిద్ర అని చెప్పాడు. శిష్యులు దానిని మామూలు నిద్ర అనుకొన్నారు, నిద్రపోతే బాగుపడతాడన్నారు. వారికి అర్థము కాలేదని చూచి, లాజరు చనిపోయాడని ప్రభువు స్పష్టముగా చెప్పాడు. ఎదిగిన శిష్యులకే తేట మాట అవసరమైతే, మన పసిపిల్లలకు ఎంత అవసరము! తరువాత సమాధి దగ్గర ఆయన ఏడ్చాడు కూడా. తేట మాట, దాని వెంట కన్నీరు: ఈ రెండూ ఆయన మనకు చూపిన మాదిరి.

3. బిడ్డ మనస్సు

హంగేరీ దేశములో మరియా నాగీ అనే పరిశోధకురాలు 3 నుండి 10 ఏండ్ల పిల్లలను అడిగి తెలుసుకొన్న సంగతులు 1948లో వెలువడ్డాయి. చాలా చిన్న పిల్లలు మరణమును ఒక ప్రయాణముగానో నిద్రగానో తలంచారు. పోయినవారు తిరిగి రారని వారికి మెల్లమెల్లగా తెలిసివస్తుంది. అందుచేత మూడు మాటల విషయములో జాగ్రత్తపడాలి.

"నిద్రపోయాడు" అంటే, ఆ రాత్రి బిడ్డ కండ్లు మూయడానికి భయపడతాడు. పెద్దలమైన మనకు ఆ మాటలో పునరుత్థాన నిరీక్షణ ఉన్నది. బిడ్డకు అందులో పడక మాత్రమే కనబడుతుంది.

"మంచివాడు గనుక దేవుడు తీసుకొన్నాడు" అంటే, బిడ్డ దేవునికి భయపడతాడు, మంచిగా ఉండటానికీ భయపడతాడు.

"నీవు అల్లరి చేస్తే అమ్మ కూడా పోతుంది" అనేది అన్నిటికంటె చెడ్డది. చిన్నపిల్లలు తమ కోపము వల్లనే, తమ మాట వల్లనే ఈ చావు వచ్చిందని లోలోపల అనుకొంటారు. యోహాను 9లో పుట్టు గ్రుడ్డివాని కష్టమునకు ఎవరి పాపము కారణమని శిష్యులు అడిగితే ప్రభువు ఆ లెక్కను త్రోసివేశాడు. "నీవు చేసిన దేని వల్లనూ నాన్న చనిపోలేదు" అని బిడ్డకు నోటితో చెప్పాలి, ఒక్కసారి చాలదు.

4. కథ ఎందుకు?

"నీకు బాధగా ఉందా?" అని అడిగితే బిడ్డ తల దించుకుంటాడు. కథలోని వానిని గూర్చి అడిగితే మాట్లాడతాడు. తన దుఃఖమును కథలోని వాని మీద పెట్టి చెప్పుకుంటాడు. ఇట్టి కథ ఒకటి:

"ఒక మేకపిల్ల ఉండేది. వాళ్లమ్మ చనిపోయింది. మందలోని మేకలన్నీ, 'మీ అమ్మ కొండకు మేతకు పోయింది' అన్నాయి. మేకపిల్ల రోజూ పొద్దుగూకే వేళ దొడ్డి వాకిట నిలబడేది. ఒకరోజు ముసలి మేక వచ్చి, 'మీ అమ్మ చనిపోయింది నాయనా. ఇక రాదు. నేనున్నాను, నీకు పాలు ఇస్తాను' అన్నది. మేకపిల్ల చాలా ఏడ్చింది. ముసలి మేక ప్రక్కనే పడుకొంది."

ఇక్కడ ఆపాలి. నీతి చెప్పవద్దు. "మేకపిల్ల ఇప్పుడు ఏమనుకొంటుంది?" అని అడిగి ఊరకుండాలి. బిడ్డ అదే కథ పది సార్లు అడిగితే పది సార్లు చెప్పాలి.

పరిశుద్ధ గ్రంథములో రూతు కథ తగినది. నయోమి కరువుకు ఊరు విడిచిన వలస కుటుంబపు తల్లి, మన అవ్వల వంటిది. భర్తను, కుమారులను పోగొట్టుకొని తన చేదును దాచుకోలేదు. రూతు ఆమెను విడువలేదు. దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన బట్టలు పేతురుకు చూపి ఏడ్చారు. మనమూ తాతగారి గని టోపీనో, నాన్న టిఫిన్ క్యారియరునో బిడ్డ చేతికిచ్చి, "దీనిని గూర్చి చెప్పు" అనవచ్చును.

2 సమూయేలు 12లో దావీదు బిడ్డ మరణించిన కథ ఈ సమయములో పసివారికి వద్దు. యాయీరు కుమార్తె కథ చెబితే, "మా నాన్న ఎందుకు లేవలేదు?" అని అడుగుతారు. "మాకూ తెలియదు. ప్రభువు మనతో ఏడుస్తాడు, ఒక దినమున లేపుతాడు" అనడమే నిజమైన జవాబు.

బడిలో కన్నడము, వీధిలో తమిళము మాట్లాడే మన పిల్లలకు ఈ కథలు ఇంటి తెలుగులోనే చెప్పాలి. పోయిన మనిషి వారిని ముద్దుగా పిలిచిన భాష అదే గదా.

వారముల తరబడి బిడ్డ తినక, నిద్రపోక, ఎవరితోనూ ఆడక ఉంటే, లేక తానూ చచ్చిపోతానంటే, ప్రార్థనతోపాటు వైద్యుని దగ్గరకు తీసుకొనిపోవాలి. బెంగళూరు నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగమున్నది. 2022లో ప్రభుత్వము ఆరంభించిన టెలీ మానస్ 14416కు ఉచితముగా ఫోను చేయవచ్చును.

చర్చకు ప్రశ్నలు

1. మన సంఘములో గత సంవత్సరము తల్లినో, తండ్రినో, అవ్వతాతలనో పోగొట్టుకొన్న పిల్లలు ఎవరు? వారికి నిజము చెప్పిన వారు ఎవరు?

2. సమాధి కార్యక్రమమునకు బిడ్డ రాగోరితే, ప్రక్కన ఉండి అన్నీ వివరించే పెద్దను ముందే నియమించగలమా?

3. ఆదరణ కూడికలో పిల్లల కోసం పది నిమిషములు కథకు కేటాయించుటకు సండే స్కూలు ఉపాధ్యాయులలో ఎవరు ముందుకు వస్తారు?