పిల్లికూతలు ఎందుకు వస్తాయి?

మీలో కొందరు బడికి వస్తూ తమ్ముణ్ణో చెల్లెల్నో అంగన్‌వాడీలో దింపి వస్తుంటారు. అక్కడ ఉబ్బసం ఉన్న మూడేళ్ల పసివాడున్నాడనుకోండి. "ఆయాసంగా ఉంది" అని వాడు చెప్పలేడు. ఆట మానేసి ఓ మూల కూర్చుంటాడు. దగ్గరికి వెళితే ఛాతీలోంచి పిల్లికూతలు వినిపిస్తాయి.

ఒక చిన్న ప్రయోగం చేయండి (ఉబ్బసం ఉన్నవారు చేయవద్దు). ముక్కు మూసుకుని, కూల్‌డ్రింకు తాగే గొట్టం గుండా నాలుగుసార్లు గాలి పీల్చి వదలండి. కష్టంగా లేదూ?

ఉబ్బసంలో శ్వాసనాళికల లోపలిపొర వాస్తుంది, చుట్టూ ఉన్న కండరం బిగుస్తుంది, కఫం అడ్డుపడుతుంది. గాలి సాఫీగా సాగే గొట్టం వ్యాసార్థం సగమైతే అడ్డు రెండింతలు కాదు, 16 రెట్లవుతుంది! పసివాడి నాళికలు మొదటే సన్నం గదా, కొద్దిపాటి వాపే చాలు. పైగా ఊపిరి వదిలేటప్పుడు అవి మరికాస్త ఇరుకవుతాయి. అందుకే పీల్చడంకన్నా వదలడమే కష్టం. ఆ ఇరుకుదారిలో గాలి చేసే చప్పుడే పిల్లికూత.

ఇన్‌హేలరంటే చాలామందికి భయం, అలవాటైపోతుందని. లెక్క చూద్దాం. సాల్బుటమాల్ చిన్నమాత్రలో 2 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. ఇన్‌హేలరును ఒకసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు, అంటే అందులో ఇరవయ్యోవంతు. మాత్ర ఒళ్లంతా తిరిగి రావాలి, ఇది నేరుగా నాళికలకే చేరుతుంది. ఇక భయం దేనికి?

చిక్కల్లా ఒకటే. నొక్కగానే మందు దూసుకొచ్చి గొంతులోనే అంటుకుంటుంది. సరిగ్గా ఆ క్షణంలో పీల్చడం పసివాడికి చేతకాదు. అందుకే మధ్యలో స్పేసర్ అనే డొల్ల గొట్టం, దానికో మాస్కు. మందు అందులో నిలిస్తే పిల్లవాడు తీరిగ్గా పీలుస్తాడు. దక్షిణాఫ్రికాలో హెదర్ జార్ బృందం అర లీటరు కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసాకు కన్నంచేసి, ఇన్‌హేలరు బిగించి, సందు లేకుండా జిగురుతో మూసి పరీక్షించింది. కొన్న స్పేసరంత బాగానూ పనిచేసిందని 1999లో ప్రకటించింది. నాకెంతో నచ్చిన ప్రయోగమిది!

ఆయాసం వచ్చినప్పుడు పిల్లవాణ్ణి పడుకోబెట్టకండి, నిటారుగా కూర్చోబెట్టండి. చుట్టూ మూగకండి. వెంటనే టీచరును పిలవండి. ఇన్‌హేలరును బాగా కుదిపి, స్పేసరుకు తగిలించి, ఒక్కసారి నొక్కి, అయిదారుసార్లు ఊపిరి పీల్చనివ్వాలి. ఎన్నిసార్లు నొక్కాలో డాక్టరు చీటీలో ఉంటుంది. అయినా తగ్గకపోయినా, పెదవులు నీలంగా మారినా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతున్నా 108కి ఫోన్ చేయాలి.

రోజూ వాడమని డాక్టరు ఇచ్చే ఇన్‌హేలరు వేరు. అది వాపును అణచి ఉంచేది. పిల్లవాడు బాగానే ఉన్నాడని దాన్ని మానకూడదు.

గది ఊడ్చేటప్పుడు పిల్లల్ని బయట ఉంచమనీ, పొయ్యి పొగ గదిలోకి రానివ్వవద్దనీ మీరే చెప్పవచ్చు. ఇంకొకటి కూడా అడగండి: ఇన్‌హేలరు, స్పేసరు, డాక్టరు చీటీ ఎక్కడున్నాయని. బీరువాలో ఉన్నాయి, తాళంచెవి ఆయమ్మ దగ్గరుంది, ఆయమ్మ ఇవాళ రాలేదు అంటే కుదరదు.