మొద్దుబారిన చేయి – పంచాయతీ సభ్యుల బాధ్యత

పలాస ప్రాంతమున జీడిగింజలను కాల్చి పప్పు తీయు పని అనేక కుటుంబములకు జీవనాధారము. జీడితొక్కలోని నూనె తగిలినచో చర్మము కాలును. మంట పుట్టగనే మనము చేయి వెనుకకు తీసికొందుము. ఆ మంటయే మన చేతికి కాపలాదారు. స్పర్శ నశించిన చేతికి ఆ కాపలా లేదు. పుండు పడిన పిమ్మటగాని సంగతి తెలియదు.

శరీరమునకును మెదడునకును నడుమ వార్తలు మోయునవి నాడులు. గాయముల వలనను, మధుమేహము వలనను, కుష్ఠువ్యాధి వలనను ఇవి చెడును. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో కుష్ఠుపై పోరు చిరకాలముగా సాగుచున్నది. సాలూరులోని ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి పేరు ఈ ప్రాంతమున సుపరిచితము. 1983లో జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమము ఆరంభమైనది. 2005 చివరికి దేశము మొత్తము మీద రోగుల సంఖ్య 10,000 మందికి ఒకరి కంటె తగ్గినది. వ్యాధి తగ్గినదే గాని అంతరింపలేదు.

కుష్ఠు క్రిమి మోచేయి, మోకాలు, చీలమండల వద్దనుండు నాడులను ఎక్కువగా పట్టును. మొదట స్పర్శ తగ్గును. పిదప వ్రేళ్ళు వంకరపోవును, పాదము జారిపోవును. నాడి దెబ్బతిని ఆరు మాసములు దాటకముందే వైద్యుని పర్యవేక్షణలో ప్రెడ్నిసొలోన్ అను మందు వాడినచో అనేకులకు పట్టు తిరిగి వచ్చు అవకాశము కలదు. ఆలస్యమైన కొలది ఆ అవకాశము సన్నగిల్లును.

నాడి చెడిన పిమ్మట మెదడు ఊరకుండదు. వార్తలు రాని భాగమునకు సంబంధించిన తావులో మార్పులు కలుగును. అందుచేత స్పర్శ లేని చేతిలోనే మంటలు, పోట్లు పుట్టుట కలదు. దీనిని కొందరు నటన యందురు. అది తప్పు, ఆ బాధ నిజమైనది.

ఇట్టి బాధకు శస్త్రచికిత్స లేకుండ మెదడును ప్రేరేపించు పద్ధతి యొకటి వచ్చినది. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరమున ఆంథొనీ బార్కరును, ఆయన సహచరులును దీనిని తొలిసారి ప్రదర్శించిరి. తలపై తీగచుట్టను ఉంచి విద్యుత్తును క్షణమాత్రము ప్రసరింపజేసినచో పుట్టు అయస్కాంత శక్తి, పుఱ్ఱెను దాటి మెదడును తాకును. కదలికలను నడపు తావున పలుమార్లు ఇట్లు చేసినచో కొందరికి నొప్పి కొంతకాలము తగ్గుచున్నది. మూర్ఛవ్యాధి గలవారును, తలలో లోహపు పరికరములున్నవారును ముందుగా వైద్యునికి ఆ సంగతి తెలుపవలెను.

అయితే ఒక మాట మరువరాదు. ఈ యంత్రము నొప్పిని తగ్గింపవచ్చును గాని చచ్చిన నాడిని బ్రతికింపదు, కుష్ఠు క్రిమిని చంపదు. యంత్రముతో వంకర వ్రేళ్ళు సరియగునని చెప్పి సొమ్ము గుంజువారిని నమ్మి మాసములు పోగొట్టుకొనరాదు. వంకర వ్రేళ్ళకు స్నాయువులను మార్చి కూర్చు శస్త్రచికిత్స వేరుగ కలదు.

కావున పంచాయతీ సభ్యులు ఈ క్రింది పనులు పూనుకొనవలెను:

1. స్పర్శలేని మచ్చలు, తిమ్మిరి, చేతిపట్టు సడలుట గలవారిని ఆశా కార్యకర్త ద్వారా వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. కుష్ఠుకు మందులు ఉచితము. రోగ లక్షణమును బట్టి 6 లేక 12 మాసములు వాడవలెను.

2. స్పర్శ లేనివారు ప్రతి దినము చేతులు, పాదములు పరీక్షించుకొని, నీటిలో నానబెట్టి, నూనె రాచుకొనునట్లు చెప్పవలెను. వేడి గిన్నెను గుడ్డతో పట్టవలెను. మెత్తని రబ్బరు చెప్పులు ధరింపవలెను.

3. చికిత్స పొందినవారిని పనినుండి గాని, పంక్తినుండి గాని వెలివేయకుండ చూడవలెను.

2017 నుండి జనవరి 30న, గాంధీజీ వర్ధంతినాడు, కుష్ఠుపై అవగాహనకై గ్రామసభలు జరుపుట ఆచారమైనది. ఆ సభలో ప్రతిజ్ఞ చదివి ఊరకుండుట చాలదు. మన ఊరిలో చేయి మొద్దుబారినదని చెప్పుకొనుటకు సిగ్గుపడి ఇంట దాగియున్నవారు ఎవరైన కలరా యని ప్రతి వార్డు సభ్యుడును విచారింపవలెను. ఆరు మాసముల గడువు వారి కొరకు ఆగదు.