ఐదు నిమిషాల మాట

పలాస



వజ్రపుకొత్తూరు వైపు విలేజ్ క్లినిక్‌లో నీకు పోస్టింగు వచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. మీ నాయనమ్మ ఉండి ఉంటే ఊరంతా తిరిగి చెప్పుకునేది. ఆవిడ గురించే నీకో సంగతి చెప్పాలి.

మన తీరంలో చాలామంది ఆడవాళ్లలాగే ఆవిడకీ అడ్డపొగ అలవాటు. చుట్ట నిప్పుకొస నోటి లోపల పెట్టుకుని పీల్చేది. ఏళ్ల తరబడి ఆ వేడికి, పొగకి మాడిన అంగిట్లోనే కేన్సర్ పుండు లేచింది. విశాఖలో ఆపరేషన్ చేశారు, కరెంటు (రేడియేషన్) పెట్టారు. అన్నీ ఓర్చుకుంది. ఆ తర్వాత మూణ్ణెల్లకోసారి చూపించుకోవడమే ఆవిడ వల్ల కాలేదు. పలాసలో రైలెక్కితే రానూపోనూ సుమారు 400 కిలోమీటర్లు. అంబలి తప్ప మింగలేని మనిషి. తోడొచ్చిన మీ మేనత్తకి జీడిపప్పు ఫ్యాక్టరీలో రెండ్రోజుల కూలి పోయేది. ఇంతా చేస్తే డాక్టరుగారితో మాట ఐదు నిమిషాలు. మూడోసారికి "నే రాను" అని గోడవైపు తిరిగి పడుకుంది. నేనూ బలవంతపెట్టలేకపోయాను. మళ్లీ తీసుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది.

ఆ ఐదు నిమిషాల మాట ఇప్పుడు నీ బల్ల మీదికొచ్చింది. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ నిబంధనల ప్రకారం వీడియోలోనే కాదు, మామూలు ఫోన్లోనూ డాక్టరు సలహా ఇవ్వొచ్చు. కరోనా పోయింది కదా అని ఎవరూ దీన్ని పక్కన పెట్టకుండా చూడమ్మా. కరోనా పోయినా విశాఖ మనకి దగ్గరవలేదు.

సర్కారు టెలిమెడిసిన్ సేవ ఈ-సంజీవనిలో అవతల కూర్చునేది కేన్సర్ డాక్టరే కాకపోవచ్చు. అందుకని విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి కానీ మరొకటి కానీ, రోగికి వైద్యం చేసిన చోట ఇచ్చిన కాగితాలన్నీ ముందుంచుకుని మాట్లాడించు. అక్కడి డాక్టరుతోనే మాట కలిసే దారి ఉంటే ఇంకా మంచిది. మందులు పడకపోవడం, రిపోర్టు చూపించడం, తిండి, భయం, ఇవన్నీ కాల్‌లో తేలేవే. ముక్క పరీక్ష, కీమో, కరెంటు మాత్రం ఆసుపత్రిలోనే. నొప్పికి ఇచ్చే మార్ఫిన్‌ని కాల్‌లో రాయడానికి నిబంధనలు ఒప్పుకోవు. అలాంటివాటికి ప్రయాణం తప్పదని ముందే చెప్పు. అనవసరపు ప్రయాణాలు తప్పిస్తే, అవసరమైనదానికి వాళ్లలో ఓపిక మిగులుతుంది.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మన ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతోపాటు కరెంటు స్తంభాలూ నేలకూలాయి. కరెంటు పోతే తెర మీది వివరాలు అందవు. అందుకే ప్రతి రోగి మందులు, మళ్లీ చూపించుకోవాల్సిన తేదీ నోటుబుక్కులో కూడా రాసి ఉంచు.

కేన్సర్ కోసం 30 ఏళ్లు దాటినవాళ్లందరి నోరూ చూడటం మీ పనేనట కదా. ముసలమ్మలు సిగ్గుపడి నోరు తెరవరు. పక్కన కూర్చుని, కబుర్లు చెప్పి, అంగిలి దాకా చూడు. ఫోన్ తెరకి అది అందదు, నీ చేతికే అందుతుంది.

మొదటి జీతంతో నాకేమీ కొనకు. మంచి టార్చిలైటు కొనుక్కో.

నీ తాతయ్య