ఇంటి అద్దె – భోగ్యము – వడ్డీ లెక్క

తిరుపతి ప్రాంతమున అంకణమనగా 36 చదరపు అడుగులు. నెల్లూరు ప్రాంతమున 72. ఉపాధ్యాయ శిక్షణకై తిరుపతిలో నున్న దినములలో నెల్లూరు మిత్రుడొకడు తమది పది అంకణముల ఇల్లని చెప్పగా, "అంత చిన్న ఇంట ఎట్లుందురు?" అని అడిగి నవ్వులపాలైతిని. మన పరదరామిలో స్థలమును సెంట్లలో చెప్పుకొందుము, సెంటు 435.6 చదరపు అడుగులు. హైదరాబాదువారు గజములందురు, చదరపు గజము 9 చదరపు అడుగులు. పోల్చుటకు ముందు అన్నిటిని ఒక్క కొలతకు దెచ్చుకొనవలెను. అద్దె విషయమునను అంతే.

2022–23లో భారత ప్రభుత్వము జరిపిన కుటుంబ వినియోగ వ్యయ సర్వేలో, గ్రామీణుల ఖర్చున అద్దె నూటికి ఒక పాలైనను లేదు. పట్టణములలో సుమారు ఆరున్నర పాళ్లు. పల్లెలో ఇల్లు ఊరక వచ్చునని దీని యర్థము కాదు. పల్లెవాసులలో పెక్కుమంది సొంత యిండ్లలో నుందురు గనుక అద్దె కనబడదు. పట్టణపు ఆరున్నర పాళ్లును సొంత యిండ్లవారిని కూడ కలిపి తీసిన సగటే. అద్దెకుండువాని భారము అంతకు మిక్కిలి యెక్కువ. పని కొరకు బెంగుళూరునకో, వేలూరునకో, చెన్నైకో కాపురము మార్చు తల్లిదండ్రులు మొదట గ్రహింపవలసిన దిదియే.

విద్యార్థులారా, కాగితము తీసికొనుడు. ఈ అంకెలు లెక్క కొరకు అనుకొన్నవి. బెంగుళూరులో ఒక ఇంటి అద్దె నెలకు రూ. 8,000. అచ్చట పది నెలల అద్దె అడ్వాన్సుగా నడుగుట చిరకాలపు వాడుక, అనగా రూ. 80,000. అదే యింటిని యజమాని రూ. 5,00,000లకు భోగ్యమునకును ఇచ్చును. భోగ్యమనగా అనుభవింపదగినది. మొత్తమును ముందుగా నిచ్చి, అద్దె లేకుండ కాపురముండి, గడువు తీరినపుడు సొమ్ము తిరిగి పుచ్చుకొనుట. తమిళులు ఒత్తి యనియు, బెంగుళూరువారు లీజనియు అందురు.

చేతిలో సొమ్మున్నవాడు దానిని బ్యాంకులో నుంచిన, ఏడాదికి నూటికి 6 రూపాయల వడ్డీ వచ్చుననుకొందము. అడ్వాన్సు వలన అతడు నెలకు పోగొట్టుకొను వడ్డీ రూ. 400, కావున నిజమైన అద్దె రూ. 8,400. భోగ్యమైనచో పోవు వడ్డీ రూ. 2,500 మాత్రమే. అతనికి భోగ్యమే మేలు.

సొమ్ము లేనివాడు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చెననుకొందము. అడ్వాన్సుపై వడ్డీ రూ. 1,600, అద్దెతో కలిపి రూ. 9,600. భోగ్యపు సొమ్ముపై వడ్డీయే రూ. 10,000! ఇల్లొక్కటే, ఉన్నవానికి రూ. 2,500, లేనివానికి రూ. 10,000. "అద్దె లేని యిల్లు దొరికినది" అని సంతోషించువారు ఈ లెక్క వేసిరో లేదో యని నాకెప్పుడును సందేహమే.

సొమ్ము తిరిగి వచ్చునా యనునది వేరొక చిక్కు. భోగ్యము నిజమునకు స్వాధీనపు తనఖా. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము నూరు రూపాయలు మొదలు ఇట్టి తనఖాకు ఇద్దరు సాక్షుల సంతకములతో రిజిస్టరైన పత్రము కావలెను. వట్టి స్టాంపు కాగితమును నమ్మి లక్షలిచ్చుట ప్రమాదము. దక్షిణ కొరియాలోను జోన్సె యను ఇట్టి పద్ధతియే కలదు. యజమానులు సొమ్ము తిరిగి ఈయక వేలమంది మోసపోగా, 2023లో బాధితులకై ప్రత్యేక చట్టము చేయవలసి వచ్చినది.

తమిళనాడున 2019 ఫిబ్రవరి 22 నుండి అమలునకు వచ్చిన అద్దె చట్టము ప్రకారము, ఒప్పందము వేరుగా లేనిచో అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించరాదు. ఒప్పందము వ్రాతపూర్వకముగా నుండవలెను. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల చుట్టుపట్ల దూరరాష్ట్రముల రోగులకు దినవారీ అద్దెకిచ్చు గదులు మెండు. అచ్చట నెలవారీ కాపురమునకు ఇల్లు వెదకుట కష్టమే. బస్సు ఛార్జీ, కొనెడి నీరు, పిల్లల బడి మాధ్యమము కూడ లెక్కలో చేరవలెను. తెలుగు మాధ్యమము ప్రతి పట్టణమునను దొరకదు.

అభ్యాసము: గుడియాత్తములో ఒక ఇల్లు అద్దె రూ. 5,000, అడ్వాన్సు మూడు నెలలు. మరియొకటి రూ. 4,500, అడ్వాన్సు పది నెలలు. పై రెండు వడ్డీలకును వేసి, ఎవరికి ఏ యిల్లు చవుకయో చెప్పుడు. జవాబు రెండు తీరుల వచ్చును. ఇంటివద్ద అమ్మానాన్నలకు చూపుడు.