ప్రభు భోజనమును గూర్చిన వివాదము

విద్యార్థులారా! ప్రభువు కడపటి రాత్రియందు రొట్టె విఱిచి శిష్యుల కిచ్చుచు, ఇది తన శరీరమని చెప్పెను. క్రైస్తవులందఱు నీ మాటను గౌరవింతురు. అట్లయ్యును దీని యర్థమును గూర్చియే వారిలో గొప్ప వివాదము పుట్టెను. కారణమేమో యించుక విచారింతము.

తర్కశాస్త్రము ద్రవ్యము వేఱు, గుణము వేఱని చెప్పును. మామిడికాయ పండినప్పుడు రంగును రుచియు మాఱును. కాయ మాత్రము అదియే. గ్రీకు తత్త్వవేత్తయగు అరిస్టాటిలు నిట్టి విభాగమే చేసెను. 1215 లో రోమునందు కూడిన నాలుగవ లాటెరను మహాసభ, రొట్టెయు ద్రాక్షారసమును ప్రభువు శరీర రక్తములుగా మాఱునని ప్రకటించెను. ఆ శతాబ్దముననే తోమా అక్వీనాసు అరిస్టాటిలు మాటలతో దీనిని వివరించెను. మామిడికాయ విషయమునకు విపరీతముగా, ఇచట ద్రవ్యము మాఱును. రంగు, రుచి మొదలగు గుణములు నిలుచును.

మార్టిను లూథరు ప్రభువు శరీరము రొట్టెయందు నిజముగా నున్నదని నమ్మెను. కాని తత్త్వవేత్తల యభిప్రాయమును విశ్వాసనియమముగా మోపుట తగదని 1520 లో వ్రాసెను. జ్యూరిఖు బోధకుఁడగు జ్వింగ్లీ, ఆ వాక్యమునందలి క్రియకు 'సూచించును' అని యర్థము చెప్పెను. 1529 అక్టోబరులో హెస్సె ప్రభువగు ఫిలిప్పు వీరిరువురను మార్బుర్గు కోటకు పిలిపించెను. లూథరు బల్లమీఁద సుద్దతో ఆ వాక్యమును వ్రాసికొని, దానినుండి కదలఁడయ్యెను. పదునైదంశములలో పదునాల్గింట సమ్మతి కుదిరెను. కడపటి యంశమునను శరీరసన్నిధి యను నొక్క మాటయే మిగిలెను. అయినను లూథరు జ్వింగ్లీని సోదరునిగా నంగీకరింపలేదు. 1531 లో జ్వింగ్లీ కాప్పెలు యుద్ధమున మరణించెను. వారు మరల కలిసికొనలేదు. 1551 లో ట్రెంటు మహాసభ పూర్వ సిద్ధాంతమునే స్థిరపఱచెను.

తెలుఁగున నట్టి వాక్యమును క్రియ లేకయే చెప్పుదుము గనుక, క్రియను గూర్చిన వాదము మనకు వింతగాఁ దోఁచును. కాని అసలు ప్రశ్న వ్యాకరణమునకు సంబంధించినది కాదు. వాక్యమున కర్థము చెప్పు నధికారము ఎవరిది? మహాసభదా, వాక్యముయొక్క యక్షరముదా, లేక లేఖనమును లేఖనముతో పోల్చి చూచు బుద్ధిదా? ముగ్గురును మూఁడు విధముల నుత్తర మిచ్చిరి.

1973 లో ఐరోపాలోని లూథరను సంఘములును రిఫార్ముడు సంఘములును లోయెన్‌బెర్గు ఒప్పందముచేత, పూర్వపు ఖండనలు నేఁటి బోధకు వర్తింపవని చెప్పి, ఒకే బల్లయొద్ద కూర్చుండుట కంగీకరించిరి. మార్బుర్గునుండి దీనికి 444 సంవత్సరములు పట్టెను. రోమను సంఘముతో భేద మింకను తీఱలేదు. కావున వాదించునప్పుడు ముందుగా మాటల యర్థమును నిర్ణయించుకొనుఁడు. కుదిరిన పదునాల్గింటిని మిగిలిన యొక్కదానికొఱకు మఱవకుఁడు. ఇదియే మేము మీకు చెప్పఁదలఁచినది.