గెడ్డనీరు – సబ్బునురుగు

శరీరశుద్ధి ఆరోగ్యానికి తొలిమెట్టు. చేతులు కడుగుకొని భుజించే అలవాటు అతిసారం వంటి వ్యాధులను దూరం చేస్తుంది. అయితే మాలిన్యాన్ని తొలగించడం వేరు, సూక్ష్మజీవులను సంహరించడం వేరు. ఈ భేదాన్ని విస్మరిస్తే మనిషికీ, ప్రకృతికీ చేటు కలుగుతుంది.

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని హుకుంపేట మండలం తూర్పు కనుమల నడుమ ఉన్నది. ఈ మన్యసీమలో కుంకుడు, శీకాయ చిరపరిచితాలు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ గిరిజనుల నుండి వీటిని కొనుగోలు చేస్తున్నది. కుంకుడుకాయలోని సాపోనిన్ అనే పదార్థం నీటిలో నురుగై మురికిని వదిలిస్తుంది. సబ్బు చేసే పనీ ఇదే. మురికితోపాటు సూక్ష్మజీవులు కూడా నీటితో కొట్టుకొనిపోతాయి. వాటిని చంపడానికి వేరొక విషం అవసరం లేదు.

అయినప్పటికీ ‘క్రిమిసంహారక’ సబ్బులు ప్రచారంలోకి వచ్చాయి. వాటిలో చిరకాలం వాడిన రసాయనం ట్రైక్లోసాన్. 1970వ దశకంలో శస్త్రవైద్యుల చేతులను శుభ్రపరచడానికి ఉపకరించిన ఈ పదార్థం క్రమంగా ఇంటి సబ్బులలోకి, టూత్‌పేస్టులలోకి ప్రవేశించింది. బాక్టీరియా తన పొరకు కావలసిన కొవ్వు ఆమ్లాలను తయారుచేసుకోకుండా ఒక ఎంజైమును ఇది అడ్డుకుంటుంది. ఆ ఎంజైము మార్పు చెందితే బాక్టీరియా దీనికి లొంగదని 1998లో శాస్త్రజ్ఞులు ప్రయోగపూర్వకంగా నిరూపించారు. క్షయ చికిత్సలో వాడే ఐసోనియాజిడ్ కూడా ఇదే కోవకు చెందిన ఎంజైముపై పనిచేస్తుంది. అనవసరమైన వాడకం అవసరమైన ఔషధానికే ముప్పు తేగలదన్న భయానికి ఇదే మూలం.

కడిగిన నీటితో ఈ రసాయనం జలాశయాలను చేరుతుంది. అక్కడ నాచుజాతికి హాని చేస్తుంది. సూర్యరశ్మి సోకినప్పుడు దీనిలో కొంతభాగం డయాక్సిన్ జాతి పదార్థంగా మారుతుంది. తమిళనాడులోని కావేరి, తామ్రపర్ణి నదులలోనూ ట్రైక్లోసాన్ కనిపించింది.

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2016లో ట్రైక్లోసాన్‌తో సహా 19 రసాయనాలను గృహవినియోగపు సబ్బులలో నిషేధించింది. అవి నిత్యవాడకంలో సురక్షితమనీ, మామూలు సబ్బుకన్న మేలైనవనీ తయారీదారులు నిరూపించలేకపోయారు. ఆసుపత్రుల వాడకానికి 2016 నాటి ఈ నిషేధం వర్తించలేదు.

సహజమైనదంతా నిరపాయకరమని భావించడమూ పొరపాటే. కుంకుడురసం సైతం చేపలకు విషతుల్యం. కాబట్టి ఏ నురుగునైనా గెడ్డలో కలపక, ఒడ్డుకు దూరంగా నేలపై పారబోయడం వివేకం. కొండవాలున ఒకరు విడిచిన నీరే దిగువ పల్లెకు తాగునీరు కావచ్చు. మామూలు సబ్బుతో, తగినంత నీటితో చేతులు కడుగుకొనేవారు తమ ఆరోగ్యంతోపాటు పొరుగువారి ఆరోగ్యాన్నీ కాపాడినవారవుతారు.