మెదడు – మాట – నడవడి

అలిపిరి నుండి తిరుమలకు పోవు కాలిబాటలో సుమారు 3,550 మెట్లు కలవు. ఒక యాత్రికుడు గోవిందనామము పలుకుచు ఆ మెట్లెక్కుచున్నాడనుకొనుడు. కన్ను ముందున్న మెట్టును చూచుచున్నది. కాలు దానిపైకి లేచుచున్నది. దేహము తూలక నిలుచుచున్నది. చెవి తోడివారి పలుకులు వినుచుండగా నోరు వారికి బదులు చెప్పుచున్నది. గుండె వేగముగా కొట్టుకొనుచున్నది, దప్పి కలుగుచున్నది. “ముందు మోకాళ్ళ పర్వతము కలదు, కొంచెము నిలిచి పోవుదము” అని మనస్సు నిర్ణయించుచున్నది. ఇన్ని పనులు ఒక్క సమయమున, ఒకదానికొకటి అడ్డురాక జరుగుచున్నవి. వీటినన్నిటిని నడపునది కపాలములో భద్రముగా నున్న మెదడు.

పెద్దవారి మెదడు బరువు సుమారు 1,400 గ్రాములు. దేహపు బరువులో ఇది నూటికి రెండు పాళ్ళు మాత్రమే. అయినను దేహమునకు చేరు ప్రాణవాయువులో ఇంచుమించు ఐదవ వంతును ఇదియే వినియోగించుకొనును. పైనున్న పెద్దభాగమును మస్తిష్కమందురు. అది ముడుతలు పడి, కుడి ఎడమలుగా రెండు అర్ధగోళములై యుండును. ఎడమ అర్ధగోళము దేహపు కుడిభాగమును, కుడి అర్ధగోళము ఎడమభాగమును నడపును.

మన యాత్రికుని పనులను మెదడు ఏ విధముగా పంచుకొన్నదో చూడుడు. చూపునకు స్థానము తల వెనుకభాగము. వినికిడికి స్థానము కణతల లోపలి భాగము. చేతులను, కాళ్ళను కదల్చు ఆజ్ఞలు నడినెత్తి క్రింద నున్న ఒక పట్టీ నుండి వెడలును. దానికి వెనుకనే స్పర్శను తెలిసికొను పట్టీ కలదు. అడుగు తడబడకుండ తూనికను కాపాడునది మెడకు పైన, మస్తిష్కమునకు క్రింద నున్న అనుమస్తిష్కము. ఊపిరిని, గుండె కొట్టుకొనుటను మనము నిద్రించునప్పుడు సైతము మజ్జాముఖము కనిపెట్టియుండును. ఆకలి, దప్పి, దేహపు వేడిమి – వీటిని చూచుకొనునది మెదడు అడుగున బాదము పప్పంత యున్న మరియొక భాగము. నుదుటి వెనుక నున్న భాగము ముందుచూపునకు, నిగ్రహమునకు, మంచిచెడుల వివేచనకు నెలవు.

ఈ సంగతులు మానవునకు ఎట్లు తెలిసినవి? చాలవరకు రోగుల బాధల వలననే తెలిసినవి. ఫ్రాన్సు దేశమున పారిస్ నగర సమీపమునందలి ఒక ఆసుపత్రిలో ఒక రోగి చాల ఏండ్లుండెను. ఏమడిగినను అతని నోట “టాన్, టాన్” అను ధ్వని తప్ప దాదాపు మరేమియు వచ్చెడిది కాదు. కాని ఇతరులు చెప్పినది చాలవరకు గ్రహించి, సైగలతో బదులిచ్చెడివాడు. 1861లో అతడు మరణింపగా పాల్ బ్రోకా అను వైద్యుడు అతని మెదడును పరీక్షించెను. ఎడమ అర్ధగోళపు ముందుభాగమున ఒకచోటు చెడియుండెను. 1874లో జర్మనీ వైద్యుడు కార్ల్ వెర్నికె దీనికి విరుద్ధమైన మరియొక వ్యాధిని వివరించెను. ఆ రోగులు ధారాళముగా మాటలాడుదురు. కాని ఆ మాటలకు పొందిక యుండదు. ఇతరుల మాటలు గ్రహింపలేరు. వారికి చెడినది ఎడమ కణత లోపలి వెనుకభాగము. పలుకుటకును, పలికినది గ్రహించుటకును వేర్వేరు స్థానములు కలవని దీనివలన తేలినది.

నడవడికి సైతము మెదడే ఆధారమని తెలిపిన ఉదంతము అమెరికాలో జరిగినది. 1848 సెప్టెంబరు 13వ తేదీన రైలుమార్గమునకై బండలు పేల్చుచుండగా, మూడున్నర అడుగులకు మించిన ఇనుపగడ యొకటి ఫినియాస్ గేజ్ అను మేస్త్రీ చెంపలో దూరి, నడినెత్తి నుండి వెడలిపోయెను. అతడు బ్రతికెను. నడకయు, మాటయు చెడలేదు. కాని అంతకు ముందు నెమ్మదస్తుడైన గేజ్, పిమ్మట దుడుకుగా, నిలకడ లేక ప్రవర్తించెనని అతని వైద్యుడు వ్రాసెను. గాయపడినది నుదుటి వెనుక భాగము. అయినను అతడు తరువాత చిలీ దేశమునకు పోయి, కొన్ని ఏండ్లు గుఱ్ఱపు బండి తోలి జీవించెను. చెడిన మెదడు సైతము క్రమమైన పనివలన కొంత కుదుటపడునని దీనివలన ఊహింపవచ్చును.

జ్ఞాపకమునకును స్థానము కలదు. 1953లో అమెరికాలో హెన్రీ మోలైసన్ అను యువకునకు మూర్ఛరోగము మాన్పుటకై కణతల లోపలి భాగములను కొంత తొలగించిరి. మూర్ఛలు తగ్గినవి, కాని ఆనాటి నుండి 2008లో మరణించు వరకు అతడు క్రొత్త సంగతిని దేనిని గుర్తుంచుకొనలేకపోయెను. అయినను అద్దములో చూచుచు నక్షత్రాకృతిని గీయుట నేర్పగా, అతని చేయి దినదినమునకు నేర్పరియయ్యెను. తాను నేర్చినట్లు మాత్రము అతడెరుగడు. సంగతుల జ్ఞాపకము వేరు, చేతిపని జ్ఞాపకము వేరు అని దీనివలన స్పష్టమైనది.

ఈ విద్య మన సీమకు దూరమైనది కాదు. కెనడా దేశమున వైల్డర్ పెన్‌ఫీల్డ్ అను శస్త్రవైద్యుడు, రోగి మెలకువగా నుండగనే మెదడును స్వల్ప విద్యుత్తుతో తాకి, ఏ చోటు ఏ పని చేయునో పటము గీసెను. మెదడునకు తాకిడివలన నొప్పి తెలియదు గనుక ఇది సాధ్యమైనది. ఆయన యొద్ద శిక్షణ పొందిన డాక్టరు జేకబ్ చాందీ, చిత్తూరునకు దాపుననున్న రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1949న నాడీ శస్త్రచికిత్సా విభాగమును స్థాపించెను. భారతదేశమున అట్టి విభాగములలో ఇదియే మొదటిది. నేడు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థయందును మెదడు, నరముల చికిత్స కలదు.

అయితే ఏ భాగమును ఒంటరిగా పనిచేయదు. అష్టావధానమును గమనింపుడు. ఎనమండుగురు పృచ్ఛకులు అవధానిని చుట్టుముట్టుదురు. ఒకరు అక్షరములను నిషేధింతురు. ఒకరు సమస్య నిత్తురు. ఒకరు అప్రస్తుత ప్రసంగముతో మనస్సును చెదరగొట్టుదురు. నడుమ గంట మ్రోగుచుండును. అవధాని అన్నిటిని ఆలకించి, గంటలను లెక్కించి, తుదకు పద్యములన్నిటిని ధారణచేసి వినిపించును. వినికిడి, మాట, లెక్క, జ్ఞాపకము, నిగ్రహము – ఇన్నిటి స్థానములు ఒక్కుమ్మడిగా పనిచేసిననే ఇది సాధ్యము.

బాలలారా! ఈ జ్ఞానము మీ యింటికి సైతము అక్కరకు వచ్చును. ఒకనాడు తాతకో, అవ్వకో మూతి ఒకవైపునకు వంగవచ్చును, కుడిచేయి పడిపోవచ్చును, మాట ముద్దగా రావచ్చును. దానిని గాలి సోకుట యనియు, దిష్టి యనియు తలచి కాలము వ్యర్థము చేయరాదు. అది పక్షవాతము. ఎడమ మెదడునకు రక్తము అందకుండుటచే కుడిచేయియు, మాటయు కలిసి చెడుచుండును. గడ్డకట్టిన రక్తమును కరిగించు మందు, వైద్యులు తగునని తలచినచో, నాలుగున్నర గంటలలోపుగా ఇయ్యవలెను. ఎంత త్వరపడిన అంత మేలు.

మాట పోయినవారికి మతి పోయినదని తలచుట గొప్ప అన్యాయము. అట్టివారిలో పెక్కుమంది మన మాటలను గ్రహింతురు. వారి యెదుటనే వారిని గూర్చి చులకనగా పలికినచో లోలోపల కుములుదురు. పలుకలేని వారిలో కొందరు చిరకాలము నుండి పాడుచున్న కీర్తనను పాడగలరు. ఏలయన, పాటకు కుడి మెదడు సైతము తోడ్పడును. చిత్తూరు, పుత్తూరు, నగరి ప్రాంతములలో తెలుగును, అరవమును రెండును ఎరిగినవారు పెక్కురు. రెండు భాషలెరిగిన రోగులలో కొందరికి ఒక భాష ముందుగను, రెండవది వెనుకగను తిరిగి వచ్చును. కావున వారికి వచ్చిన భాషలో, చిన్న మాటలతో, తొందరపెట్టక పలుకరింపుడు. బదులు వచ్చువరకు వేచియుండుడు.

నుదుటి వెనుక భాగము మీ ప్రాయమున ఇంకను పెరుగుచునే యుండును. ఇరువదియైదేండ్లు వచ్చువరకు అది పరిణతి పొందుచుండును. చాలినంత నిద్రయు, చదువును, కోపమును అణచుకొను అభ్యాసమును దానికి బలమొసగును. ద్విచక్రవాహనముపై పోవునప్పుడు శిరస్త్రాణము ధరింపుడు. విరిగిన ఎముక అతుకుకొనును. నలిగిన మెదడు పూర్వపు రీతిని అతుకుకొనదు. ఎవరి నడవడియైన హఠాత్తుగా మారినచో, వారిని నిందించుటకు ముందు వైద్యునకు చూపుడు. దోషము స్వభావమునది కాక, వ్యాధిది కావచ్చును.